ఇరవై ఏడో సీటు

మా మామగారి మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఆయన చెడ్డవారైతే చెప్పుకోవడం తేలికగా ఉండేది. నేను, మా ఆయన పోట్లాడుకుంటున్నప్పుడు ఆయన పక్కనే కుర్చీ వేసుకుని శ్రద్ధగా వింటారు. ఎవరి పక్షమూ వహించరు. సరిగ్గా నేను గెలవబోయే సమయానికి చెయ్యెత్తి, "ఆ చివరి వాక్యం మళ్ళీ చెప్పమ్మా, సరిగా అందలేదు" అంటారు. పోట్లాటలో అన్న మాట నిదానంగా రెండోసారి అనాల్సి వస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పాతికేళ్ళ కాపురంలో నాకు న్యాయంగా రావలసిన విజయాలు కనీసం పది అలా చేజారిపోయాయి.

ఇది ఆయన తప్పు కాదు, ఉద్యోగం తప్పు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు శాసనసభలో రిపోర్టరుగా పనిచేశారు. పత్రికల రిపోర్టరు కాదు. సభాపతి పీఠం ముందు గుంటలో ఒక పొడవాటి బల్ల ఉంటుంది. దాని దగ్గర తలొంచుకు కూర్చుని, సభ్యుల నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో దించేవాళ్ళుంటారే, వాళ్ళలో ఒకరు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. పది నిమిషాలు కాగానే రెండో ఆయన వచ్చి పక్కన కూర్చుంటాడు, మొదటి ఆయన లేచి వెనక గదిలోకి వెళ్ళి తను రాసింది టైపు చేసుకుంటాడు. అలా మామగారు ముప్ఫై నాలుగేళ్ళూ సభను పది నిమిషాల ముక్కలుగా విన్నారు. ఒక బిల్లు ఎందుకు వచ్చిందో ఆయనకు తెలియదు, చివరికి ఏమైందో తెలియదు. మధ్యలో ఎవరు ఎక్కడ దగ్గారో మాత్రం తెలుసు.

నా పెళ్ళైన కొత్తలో, డిగ్రీ చేతిలో పెట్టుకుని కోడలు ఖాళీగా ఉండటం చూడలేక, మధ్యాహ్నాలు నాకూ షార్ట్‌హ్యాండ్ నేర్పారు. ఆ విద్యతో నేను ఉద్యోగం చెయ్యలేదు గానీ, మామాకోడళ్ళం చీటీలు రాసుకునేవాళ్ళం. మా ఆయనకు ఆ లిపి రాదు. అందువల్ల ఇంట్లో కొన్ని పనులు చాలా ప్రశాంతంగా జరిగిపోయాయి.

మొన్నొక గురువారం పొద్దున నేను బీన్స్ తరుగుతుంటే సభ లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఒక గుడ్డసంచీ భుజాన వేసుకుని వచ్చింది. నా ఈడే ఉంటుంది. కళ్ళజోడు తాడుకు వేలాడుతోంది. మామగారు ఉద్యోగంలో ఉన్నప్పుడు కొత్తగా చేరిందట, ఇప్పుడు లైబ్రరీ అంతా తనే చూసుకుంటోంది.

"ఒక పుస్తకం వేస్తున్నాం సార్" అంది మామగారితో. "కొత్తగా గెలిచిన సభ్యులకిచ్చే శిక్షణలో పంచడానికి. తోటి సభ్యుల్ని అనరాని మాటలన్నందుకు సభ ఎవరెవర్ని ఏం చేసిందో మొదట్నించీ అన్నీ ఒకచోట. సోమవారం ప్రెస్సుకి పోతుంది. ఒక్కచోట ఆగిపోయాను."

అచ్చుకు సిద్ధం చేసిన కాగితాలు బల్ల మీద పెట్టింది. నేను చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. బీన్స్ ఎక్కడికీ పోవు.

చాలాకాలంగా ఇంత మంచి పుస్తకం చదవలేదు. నాలుగు గళ్ళ పట్టిక. వరుస సంఖ్య, సభ్యుడు, అన్న మాట, సభ తీసుకున్న చర్య. ఒకాయన తోటి సభ్యుణ్ణి చూపించి, "ఈయన బుర్ర కొత్తదండీ, ఇంకా వాడలేదు" అన్నాడు. ఆ రోజుకు బయటికి పంపారు. ఇంకొకావిడ, "మీరు మాట్లాడుతుంటే గోడ గడియారం ఆవలిస్తోంది" అంది. మాట వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పమంటే లేచి గడియారానికి చెప్పింది. రెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు.

"శిక్షలకి ఒక వరుసంటూ ఉంటుందా?" అని అడిగాను.

"ఉంటుంది మేడమ్. ముందు మాట వెనక్కి తీసుకోమంటారు. వినకపోతే పేరు పెట్టి పిలుస్తారు."

"పేరు పెట్టి పిలిస్తే శిక్షేంటండీ?"

"సభలో ఎవర్నీ పేరుతో పిలవరమ్మా, గౌరవ సభ్యులనే అనాలి" అన్నారు మామగారు. "స్పీకరు నోట పేరొచ్చిందంటే ఆ గౌరవం అక్కడితో పోయినట్టే."

అది నాకు వెంటనే అర్థమైంది. మా ఆయన నన్ను ఇంటిపేరుతో సహా పిలిచిన రోజున మా ఇంట్లోనూ అంతే.

"దాని మీద సస్పెన్షన్" అంది లైబ్రరీ ఆవిడ. "దాని మీద మందలింపు. తన సీటు దగ్గర నిలబడాలి, సభంతా కూర్చుంటుంది, స్పీకరు చదువుతాడు. ఒక్క మాట బదులు చెప్పడానికి లేదు. ఆ శిక్ష మన సభ చరిత్రలో ఒక్కసారే వేశారు. అదే ఇది, పంతొమ్మిదోది."

పంతొమ్మిదో వరుసలో ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి తేదీ ఉంది. పదిహేను రోజుల సస్పెన్షన్, తిరిగొచ్చాక నిలబెట్టి మందలింపు. 'అన్న మాట' అనే గడిలో మాత్రం, 'సభాపతి ఉత్తర్వు మేరకు రికార్డుల నుంచి తొలగించడమైనది' అని ఉంది.

"అంటే నేరం చెరిపేసి శిక్ష మాత్రం ఉంచారన్నమాట" అన్నాను.

"మిగతావాటికి విచారణ చేసిన సభాహక్కుల కమిటీ నివేదికల్లో మాట దొరికింది మేడమ్. దీనికి అక్కడా కొట్టేశారు. మొన్నటిదాకా ఆ గడి ఖాళీగానే వదిలేద్దామనుకున్నా. ఈలోగా ఇదొచ్చింది."

సంచీలోంచి ఒక ఉత్తరం తీసింది. గుండ్రటి దస్తూరీ, బడిపంతులు రాత. 'మీరు వేయబోయే పుస్తకంలో నా పేరు ఉందని తెలిసింది. వేయవద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఆ మాట నేను అనలేదని ఆనాడు మూడుసార్లు చెప్పాను. అది కూడా అచ్చులో వేస్తే సంతోషిస్తాను. నాకు ఎనభై ఒకటో ఏడు నడుస్తున్నది.'

"మాస్టారు" అన్నారు మామగారు ఉత్తరం ముట్టుకోకుండానే. "భూగోళం చెప్పేవాడు, ఆ తరవాత సభకొచ్చాడు. మెత్తటి మనిషి. అందుకే అందరం ఆశ్చర్యపోయాం. కానీ అన్నాడు. నా పది నిమిషాల్లోనే అన్నాడు."

"ఆ తరవాత ఆయన మళ్ళీ గెలవలేదు సార్. బడిలోకి తిరిగి వెళ్తే ఆడపిల్లల తల్లిదండ్రులు అర్జీ మీద సంతకాలు పెట్టి పంపించేశారట."

"అన్నాడు కాబట్టి" అన్నారు మామగారు.

ఆ నోటుపుస్తకం ఆయన దగ్గరే ఉంది. మామూలుగా ఏడాది కాగానే వాటిని చింపేస్తారట. దీన్ని మాత్రం కమిటీ సాక్ష్యంగా తెప్పించుకుని, పనయ్యాక చింపించడం మరిచిపోయి ఆయనకే తిరిగిచ్చేసింది. పెట్టెలోంచి తెచ్చి బల్ల మీద పెట్టారు గానీ చదవనన్నారు.

"తీసేసిన మాట. నా నోటితో పలకను. అది సభ ఉత్తర్వు."

"మీరు రిటైరై పద్నాలుగేళ్ళయింది కదా సార్."

"ఉత్తర్వు రిటైరు కాలేదమ్మా."

నేను సభలో ఏనాడూ ఉద్యోగం చెయ్యలేదు. పుస్తకం నా వైపు తిప్పుకుని చదివాను. భర్త పోయాక ఆయన స్థానంలో పోటీ చేసి గెలిచిన ఒకావిడ మాట్లాడుతోంది. రెండు వైపులా గోల. గోల మధ్యలో ఒక మాట. 'మీ ఆయన పోతూ పోతూ సీటు మీకిచ్చాడు గానీ బుద్ధి వెంట తీసుకుపోయాడు.'

పైకే చదివాను. లైబ్రరీ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మామగారు కిటికీ వైపు చూశారు.

నన్ను ఆపింది మాట కాదు. మాట ముందు ఉన్న అంకె. పేరు లేదు. ఇరవై ఏడు అని ఉంది.

"మామయ్యగారూ, ఈ ఇరవై ఏడేంటి?"

"సీటు నంబరు. గోల జరుగుతున్నప్పుడు తలెత్తామా, మాట పోతుంది. ఎటునుంచి వచ్చిందో చెవికి తెలుస్తుంది, నంబరు పడేస్తాం. తరవాత గుమాస్తా సీట్ల పట్టిక చూసి పేరు వేస్తాడు."

"అయితే మీరు మనిషిని చూళ్ళేదు."

"చూడక్కర్లేదమ్మా. ఎవరి సీట్లో వాళ్ళే ఉంటారు. సభ అది, బస్సు కాదు."

ఇక్కడ నాకు అనుమానం వచ్చింది. నేను గొప్ప తెలివైనదాన్నని కాదు. మా ఇంట్లో మా ఆయనకంటూ ఒక కుర్చీ ఉంది, దాంట్లో ఆయన తప్ప అందరూ కూర్చుంటారు. ఆ కుర్చీ వైపు నుంచి వచ్చిన మాటలన్నీ మా ఆయన ఖాతాలో వేస్తే ఆయన్ని ఎప్పుడో ఉరి తీయాలి.

"ఆ రోజు మొత్తం అచ్చుపుస్తకం ఉంటుందా లైబ్రరీలో?" అని అడిగాను.

"నా పది నిమిషాలూ నేను ఎన్నోసార్లు సరిచూసుకున్నాను" అన్నారు మామగారు.

"మీవి కాదండీ. మీ ముందు కూర్చున్నాయనవి."

మర్నాడు మా ఆయనకు డబ్బా కట్టిచ్చి లైబ్రరీకి వెళ్ళాను. నేలమాళిగలో పొడుగాటి గది, ఇనప బీరువాలు, ట్యూబులైటు ఒకటి వెలగాలా వద్దా అని కొట్టుకుంటోంది. ఎర్ర అట్టల సంపుటాలు నిలువెత్తు. లైబ్రరీ ఆవిడ నిచ్చెనెక్కి ఒకటి దించి, దుమ్ము నా చీర మీదికి దులిపి, ఎదురుగా కూర్చుంది.

మామగారి వంతు పదకొండున్నరకు మొదలైంది. నేను పదకొండుకు మొదలుపెట్టి చదువుకుంటూ వచ్చాను. కాలవల మరమ్మతు మీద చర్చ. సభలో 'నగారా' అని పేరుపడిన ఒకాయన ఉండేవాడట, గొంతు అలాంటిది. పదకొండూ ఇరవై రెండుకు ఆయన లేచాడు.

'అధ్యక్షా, నా మైకు పనిచెయ్యడం లేదు.'

'మీకు మైకు ఎందుకండీ?' అని స్పీకరు. బ్రాకెట్లో, నవ్వులు.

'న్యాయం కాదు అధ్యక్షా. నా మాట కూడా రికార్డు కావాలి.'

'పక్క సీటు నుంచి మాట్లాడండి.'

ఆ తరవాత ఒకే ఒక్క వాక్యం, మాస్టారిది. 'ఆయన్ని ఇక్కడ కూర్చోమనండి అధ్యక్షా, నేను అవతలి ఖాళీ సీట్లోకి జరుగుతాను.'

నేను వేలు ఆ వాక్యం మీద పెట్టి లైబ్రరీ ఆవిడ వైపు పుస్తకం తిప్పాను. ఆవిడ చదివి, సీట్ల పట్టిక తీసింది. నగారాది ఇరవై ఆరు. మాస్టారిది ఇరవై ఏడు. ఆ రోజు ఖాళీగా ఉన్నది ఇరవై ఎనిమిది.

"ఎనిమిది నిమిషాల తేడా" అంది నెమ్మదిగా. "సార్ వచ్చి కూర్చునేసరికి సీట్లు మారి ఉన్నాయి."

"మాస్టారు ఈ సంగతి కమిటీకి ఎందుకు చెప్పలేదు?"

"సీటు నంబరుతో పేరు వేస్తారని ఆయనకెలా తెలుస్తుంది మేడమ్? సభ్యులెవరికీ తెలీదు. 'మీరు కాకపోతే మరెవరన్నారు' అని అడిగితే, 'అది చెప్పడం నా పని కాదు' అన్నారని నివేదికలో ఉంది. తిట్లు తిన్న ఆవిడేమో, వెనకనుంచి వినపడింది, మొహం చూళ్ళేదు, రికార్డు ఏమంటే అదే అంది."

"నగారా?"

"తీర్మానానికి అనుకూలంగా ఓటేశారు. ఆ తరవాత మంత్రి కూడా అయ్యారు. పోయి ఆరేళ్ళయింది."

ఆ పేజీ జిరాక్సు తెచ్చి మామగారి ముందు పెట్టాను. భూతద్దం పెట్టుకుని చదివారు. ఒకసారి చదివి, పేజీ సంఖ్య చూశారు, తేదీ చూశారు, మళ్ళీ చదివారు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇంకొకరి పది నిమిషాలు ఆయన చదవడం ఇదే మొదటిసారని ఆ చదవడంలోనే తెలుస్తోంది.

"ఇది నా వంతులోది కాదు" అన్నారు చివరికి.

"కాదండీ."

"నా వంతులో తప్పేం లేదు. ఇరవై ఏడు నుంచి వచ్చింది, ఇరవై ఏడని రాశాను."

"నిజమేనండీ. పేరే తప్పు."

"పేరు నేను వెయ్యలేదు."

ఆ సాయంత్రం మా ఆయన వచ్చి సంగతి విని, "ముప్ఫై ఏళ్ళ కిందటిది నాన్నా, ఇప్పుడెవరికి గుర్తుంది, వదిలెయ్యండి" అన్నాడు.

"ఆయనకు గుర్తుందిరా" అన్నారు మామగారు. అని, లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు.

శనివారమంతా వాంగ్మూలం రాశారు. సభ తీర్మానాన్ని సభే రద్దు చెయ్యాలి, అది వచ్చే సమావేశాల మాట. పుస్తకంలోంచి పంతొమ్మిదో వరుస తీసెయ్యడానికి మాత్రం కమిటీ అధ్యక్షురాలు ఒప్పుకుంది. రిపోర్టరు వాంగ్మూలం కావాలి, దాన్ని చదివి అంగీకరించినట్టు మాస్టారి సంతకం కావాలి, రెండూ సోమవారం పొద్దున్నకు బల్ల మీద ఉండాలి. లేకపోతే పుస్తకం ఉన్నదున్నట్టు అచ్చవుతుంది, వచ్చే ప్రతి కొత్త సభ్యుడికీ మాస్టారే పంతొమ్మిదో పాఠం. లైబ్రరీ ఆవిడ ఫోనులో చెప్పిన ఈ మాటలు మామగారికి అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాను.

పదకొండు చిత్తుప్రతులు రాశారు. గదిలో చీపురు వేసే నెపంతో నేను పదకొండూ చదివాను. మొదటి దాంట్లో సభ చరిత్ర ఉంది. నాలుగో దాంట్లో గుమాస్తా మీద ఒక పేరా ఉంది. ఏడో దాంట్లో గుమాస్తాని తీసేసి మైకుల గుత్తేదారుని పెట్టారు. చివరికి తేలింది ఇది. 'ఆనాడు ఆసనాల తాత్కాలిక మార్పిడి కారణంగా సభ్యుని పేరు నమోదులో ఒక పొరపాటు జరిగినట్లు కనిపిస్తున్నది.'

"బావుందా?" అని అడిగారు.

"చాలా మర్యాదగా ఉందండీ" అన్నాను. అబద్ధం కాదు.

ఆదివారం పొద్దున లైబ్రరీ ఆవిడతో కలిసి ముగ్గురం మాస్టారింటికి వెళ్ళాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మామగారు ప్రతి మలుపులోనూ ఆగారు. మోకాళ్ళ కోసమో, దేనికోసమో నేను అడగలేదు. తలుపు తీసింది మాస్టారి భార్య. సన్నగా, నిటారుగా, చేతిలో కుట్టుమిషను నూనెడబ్బా. ముందు గదిలో గోడ నిండా పటాలు. కొన్నిటి మీద దేశాల పేర్లు కొట్టేసి కొత్తవి చేత్తో రాసి ఉన్నాయి. మాస్టారు పేము కుర్చీలోంచి లేచి అందర్నీ కూర్చోమని, అందరికీ కుర్చీలు చాలవని గమనించి, తను మాత్రం మళ్ళీ తన కుర్చీలోనే కూర్చున్నారు.

"ఏమనుకోకండి" అంది ఆవిడ స్టూలు తెచ్చి నాకు వేస్తూ. "ఆ గొడవైనప్పట్నించీ ఈయన ఎవరికీ సీటివ్వరు. బస్సులో ముసలాళ్ళొచ్చినా కిటికీలోంచి చూస్తారు. ఎందుకో అడిగితే చెప్పరు."

లైబ్రరీ ఆవిడ, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

జిరాక్సు కాగితం ముందు ఆయన చేతికిచ్చాం. మాస్టారు తన వాక్యం తనే చదువుకున్నారు. మొహంలో ఏమీ మారలేదు. కాగితం భార్యకిచ్చారు. ఆవిడ నిలబడే చదివి, నూనెడబ్బా కిటికీలో పెట్టి, మిషను ముందున్న బల్ల మీద కూర్చుంది.

"అయితే నిజంగానే అనలేదా మీరు?" అంది.

"అనలేదని చెప్పాను కదే."

"చెప్పారు. నమ్మాను కూడా. కానీ శిక్ష వేసినట్టు అచ్చులో ఉంది కదా. ఎప్పుడైనా నా మీద విసుక్కున్నప్పుడు, అనుంటారేమో అనిపించేది. ఏం చెయ్యను, అచ్చులో ఉందాయె."

మాస్టారు ఆవిడ వైపు కాసేపు చూశారు. ఈ సంగతి ఆయనకు ఇవాళే తెలిసినట్టుంది.

మామగారు గొంతు సవరించుకుని వాంగ్మూలం అందించారు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, బడిలో పిల్లల జవాబు దిద్దేవాడిలా ఒక్కో పదం మీద వేలు పెట్టుకుంటూ చదివారు. లైబ్రరీ ఆవిడ పెన్ను మూత తీసి సిద్ధంగా పట్టుకుంది.

"ఇక్కడ సంతకం పెడితే రేపు మీ పేరు తీసేస్తాం మాస్టారూ."

ఆయన పెన్ను అందుకోలేదు.

"పొరపాటు జరిగినట్టు కనిపిస్తోందన్నారు. బాగానే ఉంది. వరదొచ్చినట్టు, గాలి వీచినట్టు దానంతటది జరిగిందా? మీరెవరండీ, ఆ రోజు బల్ల దగ్గరున్నారా?"

"ఉన్నాను" అన్నారు మామగారు.

"ఆ రోజే రికార్డు తెప్పించి నా పేరు చదివినప్పుడు నేను మూడుసార్లు లేచి అనలేదని చెప్పాను. మూడుసార్లూ మీరే రాసుకున్నారా?"

"ఒకసారి నా వంతు. మిగతా రెండూ వేరేవాళ్ళవి."

"నేను చెప్పింది రాసుకున్నారు. నేను ఎక్కడ నిలబడి చెప్తున్నానో చూళ్ళేదా?"

మాస్టారు కాగితాన్ని మడతపెట్టకుండా, పక్కన పెట్టకుండా, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకు తొందరేమీ లేదు. సంతకం లేకుండానే మేం లేచి వెళ్ళిపోయినా ఆయన ఆపేలా లేరు. వేసుకోనివ్వండి, ఇరవై తొమ్మిదేళ్ళున్నాను, ఇంకొన్నాళ్ళుంటాను అన్నట్టున్నారు. లైబ్రరీ ఆవిడ నా వైపు చూసింది. నాకూ ఏదో ఒకటి సర్దిచెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మామయ్యగారికి కళ్ళు సరిగా కనపడవనో, అది గుమాస్తా పనిలెండి అనో. ఎప్పుడూ నోరు మూసుకోని దాన్ని, ఆ ఒక్కసారి మూసుకున్నాను.

మామగారు కుర్చీ చేతుల మీద బలం వేసి లేచారు. ముప్ఫై నాలుగేళ్ళూ అందరూ నిలబడి మాట్లాడుతుంటే కూర్చుని రాసిన మనిషి. నిలబడి మాట్లాడటం ఆయనకు చేతకాదని నాకు అప్పుడే తెలిసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నారు.

"మాస్టారూ, నేను..." అని ఆగిపోయారు. గొంతు లోపలికి పోయింది.

"నాకు వినపడలా" అంది మాస్టారి భార్య మిషను బల్ల మీంచి. వేళాకోళం లేదు ఆ గొంతులో. "ఈయనకి కాదు, నాకు వినపడేలా చెప్పండి."

మామగారు ఆవిడ వైపు తిరిగారు. తలెత్తి ఆవిడ మొహం చూశారు, తరవాత మాస్టారి మొహం చూశారు.

"ఆ మాట మీ ఆయన అనలేదమ్మా" అన్నారు, గది దాటి మెట్ల మీదికి వినిపించేలా. "నేను తలెత్తి చూడకుండా రాశాను. ఆయన మూడుసార్లు కాదన్నా మళ్ళీ చూడాలని నాకు తోచలేదు. నా రాతలో తప్పు రాదనుకున్నాను. తప్పు గుమాస్తాది కాదు, మైకుది కాదు. నాది."